వానలేని సీమలో ముసలి చెట్లు

మా ఊరు తుమ్మలపల్లె. బయటి ఊళ్ళలో ఈ పేరు చెబితే చాలు, "యురేనియం తీసే ఊరేనా?" అని అడుగుతారు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని మొదటిసారి ఈ హాస్టల్ గడప తొక్కిన రోజున కూడా, రిజిస్టరులో పేరు రాసుకుంటూ అదే మాట అడిగినారు. ఔను, ఆ ఊరే. కాని పేరులో ఉన్నది యురేనియం కాదు, తుమ్మ. మా తాతల కాలంలో నల్లతుమ్మ చెక్క, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలో తోళ్ళు ఊరవేసేవారు. నాగలికి తుమ్మకట్టె, బండి చక్రానికి తుమ్మకట్టె, పళ్ళు తోముకోవడానికి తుమ్మపుల్ల. ఇప్పుడు ఊరంతా తిరిగినా నల్లతుమ్మలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కనిపించేదంతా సర్కారు తుమ్మ, మన వాడుకలో కంప.

తమ్ముళ్ళారా, మేము వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నామంటే మీలో చాలామంది "చెట్లు చదివితే ఏమొస్తుందన్నా?" అని అడిగినారు. ఆ ప్రశ్న మా ఇంట్లోనూ ఉన్నది. మా ఇంటిలో డిగ్రీ పట్టా చూసినవాళ్ళం మేమే మొదలు కాబట్టి, అది దేనికి పనికొస్తుందో చెప్పే పెద్దలు ఎవరూ లేరు. వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు దొరుకుతుందేమోనని ఇది రాస్తున్నాము.

మొదటి సంవత్సరంలో ఒకరోజు తరగతిలో తెర మీద ఒక అడవిని చూపించినారు. అమెరికాలో పసిఫిక్ సముద్రపు ఒడ్డున, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో అడవి. అటువంటి వాటిని సమశీతోష్ణ వర్షారణ్యాలు అంటారు. వర్షారణ్యం అనగానే మనకు అమెజాన్ గుర్తుకొస్తుంది, చెమట కారే ఉక్కపోత గుర్తుకొస్తుంది. ఇవి అట్లా కాదు, చల్లటి అడవులు. సముద్రం మీద నుంచి తడిగాలి వచ్చి కొండలకు తగిలి వానగా పడుతుంది, వాన లేని రోజుల్లో పొగమంచు చెట్లను తడుపుతుంది. ఉత్తర కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా ఒక పట్టీగా, దక్షిణాన చిలీలో, న్యూజిలాండులో, టాస్మేనియాలో ఈ అడవులు ఉన్నాయి. హో అడవిలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కడపలో పడేది సుమారు 700. అంటే మనకు ఐదేళ్ళలో పడే వాన వాళ్ళకు ఒక్క ఏడాదిలోనే పడుతుందన్నమాట.

ఆ తెర మీద చూసినదాన్ని మాటల్లో చెప్పడం కష్టం. సిట్కా స్ప్రూస్ అనే చెట్లు మన ఇరవై అంతస్తుల మేడలంత ఎత్తు. ఇంకా దక్షిణంగా, కాలిఫోర్నియాలో, కోస్ట్ రెడ్‌వుడ్ జాతిలో హైపెరియన్ అని పేరుపెట్టిన చెట్టు ఉన్నది. 2006లో దాన్ని కనుగొన్నారు, ఎత్తు 115 మీటర్ల పైమాటే. ఆ జాతి చెట్లు రెండువేల సంవత్సరాలకు పైగా బతికినవి ఉన్నాయి. చిలీలో అలెర్సే అనే చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టి 3,622 సంవత్సరాలని 1993లో ప్రకటించినారు. నేల కనిపించదు, అంతా పచ్చటి నాచు. కొమ్మల నుంచి గడ్డాల్లాగా నాచులు, లైకెన్లు వేలాడుతుంటాయి. తరగతిలో వెనక బెంచీ నుంచి ఎవరో "మన జిల్లాలో ఎత్తయిన చెట్లు సెల్ టవర్లే" అన్నారు. అందరం నవ్వినాము. నవ్వినాము గాని, లోపల ఎక్కడో చిన్నబోయినాము. రాళ్ళు, కంప, నాపరాళ్ళ గనులు చూసి పెరిగినవాళ్ళం కదా.

ఆ రోజు చెప్పిన పాఠంలో ఒక మాట మాత్రం మాకు పట్టుకున్నది. పాత అడవి అంటే ఎత్తయిన అడవి కాదు. గొడ్డలి పడకుండా, దున్నకుండా, తన దారిన తాను తరాలుగా సాగిన అడవి. అందులో ముసలి చెట్లు, నడివయసు చెట్లు, మొలకలు అన్నీ కలిసి ఉంటాయి. నిలబడి చచ్చిన మాను ఉంటుంది, దాని తొర్రలో పిట్ట ఉంటుంది. పడిపోయిన దుంగ ఉంటుంది. మనమైతే పడిన దుంగను వంటచెరుకు అంటాము. ఆ అడవిలో దాన్ని దాది దుంగ అంటారు. నేలమీద నాచు మందంగా పరుచుకొని ఉండడంతో విత్తనానికి మట్టి అందదు. పడిన దుంగ మీద పడిన విత్తనం మాత్రం మొలకెత్తుతుంది, దుంగకు అటూ ఇటూ వేళ్ళు దించుకుంటుంది. వందల ఏళ్ళకు దుంగ పూర్తిగా కుళ్ళి మాయమవుతుంది. ఆ మీద మొలిచిన చెట్లు మాత్రం బడిపిల్లల్లాగా ఒకే వరుసలో నిలబడి ఉంటాయి, వేళ్ళ కింద ఖాళీ కనిపిస్తూ.

అదంతా విన్నాక సెలవులకు ఊరికి వచ్చి చూస్తే, దాదిపని చేసేవి మన దగ్గరా ఉన్నాయి. మన బంజరులో వేపమొలక ఎక్కడ బతుకుతుందో మేకలు కాచినవాళ్ళకు తెలుసు. బయట మొలిస్తే మేక నోటికి పోతుంది, ఎండకు మాడుతుంది. రేగుపొదలోనో కలివిపొదలోనో మొలిచినదే బతుకుతుంది. ముళ్ళే దానికి కాపలా, పొద నీడే దానికి తడి. పదేళ్ళకు వేప పొదను దాటి పైకి లేస్తుంది. అక్కడ చచ్చిన దుంగ దాది, ఇక్కడ ముళ్ళపొద దాది. ముళ్ళపొదలున్న నేలను మన రికార్డుల్లో పనికిరాని బంజరు అని రాస్తారు. లోకంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించినది మన సిద్ధవటం దగ్గరి అటువంటి ముళ్ళపొదల్లోనే. అప్పటికి 80 ఏళ్ళకు పైగా దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరని పుస్తకాలు చెప్పినాయి. పుస్తకాలు రాసేవాళ్ళు చూడలేదని అర్థం. కలివికోడి అని పేరు పెట్టుకొని పిలుచుకున్న మనవాళ్ళు చూడకుండా ఉంటారా?

ముసలి చెట్టు అంటే మనకు మొదట గుర్తు రావలసినది తిమ్మమ్మ మర్రిమాను. కదిరి నుంచి సుమారు 25 కిలోమీటర్లు, గూటిబైలు దగ్గర. 2022 దాకా అనంతపురం జిల్లా, ఆ ఏడాది జిల్లాలు విడగొట్టిన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. మేము నలుగురం కదిరి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకొని వెళ్ళినాము. దూరం నుంచి చూస్తే అది తోపు అనుకుంటాము. లోపలికి వెళ్ళినాక, "ఇంతకూ చెట్టు ఎక్కడ?" అని వెతుక్కున్నాము. మేము అప్పటికే చెట్టు లోపల ఉన్నాము! కొమ్మల విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఐదు ఎకరాలకు కొంచెం తక్కువ. ప్రపంచంలో అంత విస్తరించిన చెట్టు మరొకటి లేదని 1989లో గిన్నిస్ పుస్తకంలో ఎక్కించినారు. బెంగుళూరుకు చెందిన విలేఖరి సత్యనారాయణ అయ్యర్ దాన్ని వెలుగులోకి తెచ్చినాడు. ఐదెకరాల పొలం మా వాడలో ఎవరికీ లేదు, ఆ చెట్టుకు ఉన్నది.

స్థలకథ ప్రకారం తిమ్మమ్మ 1434లో భర్త చితిలో సహగమనం చేసింది, చితి దగ్గర పాతిన గుంజ చిగిర్చి ఈ మర్రి అయింది. పిల్లలు లేనివాళ్ళు అక్కడికి వచ్చి మొక్కుకుంటారు. ఆడమనిషిని చితిలోకి పంపిన ఆచారాన్ని మేము గొప్పగా చెప్పదలచుకోలేదు. అయితే ఆ కథే లేకపోతే ఐదెకరాల మానును ఇన్ని శతాబ్దాలు ఎవరైనా కొట్టకుండా వదిలేవారా అన్నది కూడా ఆలోచించవలసినదే. చెట్టును కాపాడింది చట్టం కాదు, భయమూ భక్తీ.

ఆ చెట్టు వయసు ఎంత అని అక్కడ ఉన్న పెద్దాయనను అడిగితే "ఆరునూర్లు ఉంటాదిలే నాయనా" అన్నాడు. లెక్క వేసి చెప్పడం శాస్త్రానికి కూడా కష్టమే. చల్లటి దేశాల్లో చలికాలం పెరుగుదల ఆగిపోతుంది, వసంతంలో మళ్ళీ మొదలవుతుంది. అందువల్ల మొద్దులో ఏడాదికి ఒక వలయం స్పష్టంగా పడుతుంది. సన్నటి గొట్టంతో పెన్సిలంత ముక్క బయటికి తీసి లెక్కపెడతారు, చెట్టుకు ప్రాణహాని ఉండదు. మన దేశంలో టేకులో వలయాలు బాగా కనిపిస్తాయి. వాటి వెడల్పును బట్టి పాతకాలపు రుతుపవనాల లెక్క కూడా తీస్తున్నారు. కాని మన చెట్లలో చాలావాటికి ఇట్లా చదవదగ్గ వలయాలు ఉండవు. మర్రి సంగతి ఇంకా వేరు. దాని మొదటి మానే ఉండకపోవచ్చు. కలకత్తా దగ్గర హౌరా బొటానికల్ గార్డెనులోని మహా మర్రికి బూజుతెగులు వస్తే 1925లో అసలు మానును తీసేసినారు. ఆ మర్రి మాత్రం ఊడల మీద నేటికీ బతికి ఉన్నది. మానుపోయినా మాను బతికి ఉండడం మర్రికే చెల్లింది.

ఊడల దగ్గర ఒక సంగతి చెప్పాలి, మాకు చాలా ఇష్టమైన సంగతి. ఇందాక చెప్పిన ఒలింపిక్ అడవిలో పెద్దాకుల మేపుల్ చెట్లు ఉంటాయి. వాటి కొమ్మల మీద నాచులు, ఫెర్నులు, సెలాజినెల్లా పెరిగి, చచ్చి, మళ్ళీ పెరిగి పరుపులాగా పేరుకుంటాయి. ఆ పరుపు అడుగున కుళ్ళిన ఆకు, దుమ్ము కలిసి మట్టి తయారవుతుంది. చెట్టు మీద మట్టి! నళినీ నాడ్కర్ణి అనే భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త తాళ్ళతో ఆ చెట్లెక్కి ఆ పరుపు తిరగేసి చూస్తే, మేపుల్ చెట్టు తన కొమ్మ నుంచే వేళ్ళు పుట్టించి ఆ మట్టిలోకి పంపుతున్నది. పరాయి మొక్కలు తన మీద చేసిన ఎరువును తానే తింటున్నది. 1981లో సైన్స్ పత్రికలో ఈ విషయం ప్రచురించేనాటికి ఆమె కూడా విద్యార్థినే, పరిశోధన పట్టా ఇంకా చేతికి రాలేదు. ఆ చెట్లు అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నాయి, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వాటి కిందనే నడిచినారు. ఎక్కి చూసినవాళ్ళు లేరు, అంతే.

ఇది చదివినప్పుడు మేము తిమ్మమ్మ మానును తలచుకున్నాము. అక్కడ కొమ్మ వేరు కొమ్మ మీదే తిండి వెతుక్కుంటే, ఇక్కడ కొమ్మ వేరు గాలిలో దిగి నేలను వెతుక్కుంటుంది. నేలకు తగలగానే గట్టిపడి మాను అవుతుంది, కొమ్మ బరువు మోస్తుంది, ఇంకా ముందుకు కొమ్మ సాగుతుంది. ఎత్తు పెరగడానికి వాన కావాలి, నీళ్ళు అంత పైకి ఎక్కాలి. అడ్డంగా పెరగడానికి ఊడలు చాలు. సెలాజినెల్లా కూడా మనకు పరాయిది కాదు. హో అడవిలో అది మేపుల్ కొమ్మల నుంచి వేలాడుతుంది. దాని దాయాది మన తూర్పు కనుమల రాళ్ళ మీద ఉన్నది. ఎండాకాలం గోధుమరంగులో ముడుచుకొని చచ్చినట్టు పడి ఉంటుంది, ఒక్క వాన పడితే గంటల్లో పచ్చగా విచ్చుకుంటుంది. దాన్నే తిరునాళ్ళలో సంజీవని అని అమ్ముతారు. లక్ష్మణుడి సంగతి మాకు తెలియదు గాని, ఆ మొక్క మాత్రం తనను తాను బతికించుకుంటుంది.

ఇక మన కొండల అసలు ఆస్తి ఎర్రచందనం. లోకం మొత్తంలో కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు వైపు కొండల్లో, వాటి అంచుల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. మూడేసి ఆకులు, గుండ్రటి అప్పచ్చి లాంటి రెక్కకాయ, పొలుసులు పొలుసులుగా మొసలి చర్మం లాంటి బెరడు. మట్టి కంటే రాయి ఎక్కువున్న చోట, నీళ్ళు నిలవని వాలుల్లో, పది మీటర్ల ఎత్తు పెరగడమే గొప్ప. హో అడవిలో చెట్టు పక్కన నిలబెడితే మొలక అనుకుంటారు. కాని దాని వయసు లోపల ఉన్నది. బయట తెల్లచెక్క, లోపల ఎర్రటి చేవ. ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు. శాంటలిన్ అనే ఎర్రరంగు దానిలోనిదే. వేగంగా పెరిగే చెట్టుకు ఇంత గట్టి చేవ ఉండదు. మన నేల పేదరికమే ఆ కట్టెకు విలువ తెచ్చింది. మంచి నేలలో, నీళ్ళు పెట్టి పెంచితే చేవ అంత బాగా కట్టదని తోటలు పెంచినవాళ్ళే చెబుతారు.

ఆ విలువే దానికి చావు తెచ్చింది. 1995లో అంతర్జాతీయ వర్తక ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో చేర్చినారు. 2018లో దాని స్థితి కొంత మెరుగని జాబితా మార్చి, 2021లో మళ్ళీ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లోకే చేర్చినారు. ముందు నరికేది లావు చేవ ఉన్న ముసలి మానులనే. కాబట్టి అడవి పచ్చగా కనిపించినా పెద్దలు లేని ఇల్లు మాదిరి అయిపోతుంది. ఈ కథలో మనుషులు కూడా ఉన్నారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. ఓడల్లో సరుకు దాటించేవాళ్ళు ఎవరూ ఆ రోజు అడవిలో లేరు. కూలికి గొడ్డలి పట్టేవాళ్ళ ఇళ్ళు ఎట్లా ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించినారు, విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. తలకోన ఆ కొండల్లోదే. 270 అడుగుల జలపాతం, దాని కింద లోయలో చల్లదనం, ఫెర్నులు, చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగ. ఏనుగు తొండమంత లావు తీగను మేము మొదటిసారి అక్కడే చూసినాము. సీమలో వర్షారణ్యపు నీడ ఎక్కడైనా ఉన్నదంటే అది ఆ లోయలోనే. అయితే మేము వెతుక్కుంటూ వెళ్ళినది లోయలో లేదు, పైన ఎండకు కాలే రాళ్ళ మీద ఉన్నది. చూస్తే కొండఈత అనుకుంటాము. దాని పేరు సైకస్ బెడ్డోమి. పువ్వు పూయదు. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. సైకస్ వంశం డైనోసార్ల కన్నా పాతది. ఈ జాతి తిరుపతి, కడప కొండల్లో తప్ప మరెక్కడా లేదు. మగ చెట్టు కంకిని మందుకని కోసుకుపోతారు, కాబట్టి విత్తనం కట్టడం తగ్గింది. సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే పులి ఉన్న జాబితాలోనే, ఇదీ ఉన్నది. బోదగడ్డికి నిప్పు పడితే ఆకులు కాలిపోయి, నల్లటి బోదె మాత్రం నిలబడి, తర్వాత ఆ కొననుంచి లేత ఆకులు పుడతాయి. మేము చూసిన మొక్క మా మోకాలెత్తు. దాని వయసు మా అవ్వ వయసుకన్నా ఎక్కువే ఉండవచ్చునని మా సారు చెప్పినాడు.

బెడ్డోమి అనేది ఒక దొర పేరు. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్, మద్రాసు రాజధానిలో అడవుల అధికారి, మొక్కల మీద పెద్ద పుస్తకాలు రాసినవాడు. 1883లో ఈ సైకస్‌కు ఆయన పేరు పెట్టినారు. అదే బెడ్డోమ్ దొర 1876లో, కట్టెల కొరత తీర్చడానికి ఒక విదేశీ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవిన్యూ శాఖకు రాసినాడు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను 1877లో నాటిన చోటు ఏది అనుకున్నారు? మన కడప జిల్లా కమలాపురం! ఆ చెట్టే సర్కారు తుమ్మ. ఈ సంగతి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మన కొండల మీది అతి అరుదైన మొక్క మీద, మన బంజరులోని అతి మామూలు కంప మీద ఒకే మనిషి పేరు ఉన్నది. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ.

సర్కారు తుమ్మను తిట్టడం సులభం. బావుల దగ్గర, కాలువల మీద, చెరువుల్లో అది ఆక్రమించుకున్న నేల అంతా ఇంతా కాదు. నల్లతుమ్మకు చోటు లేకుండా చేసిందీ అదే. తరగతిలో మాకు దాన్ని దురాక్రమణ జాతి అని నేర్పినారు, పరీక్షలో మేమూ అట్లాగే రాసి మార్కులు తెచ్చుకున్నాము. కాని మా నాయన బొగ్గులు కాల్చేవాడు. కంప నరికి, పేర్చి, మట్టి కప్పి, సన్నటి పొగ మీద రోజుల తరబడి కాల్చి, సంచుల్లో నింపి అమ్మితే వచ్చిన డబ్బుతో మేము ఇంటర్మీడియట్ పుస్తకాలు కొన్నాము. ఒకరి అనుమతి అక్కరలేకుండా మా వాడవాళ్ళు నరుక్కోగలిగిన ఒకే ఒక చెట్టు అది. మిగతావన్నీ ఒకరివో, గుడివో, సర్కారువో. ఇది కూడా మేము జవాబుపత్రంలో రాసి ఉండవలసింది.

చింత కూడా బయటి నుంచి వచ్చినదే, ఆఫ్రికా ఖండం దాని పుట్టిల్లు. అయితే వేల ఏళ్ళ కిందట వచ్చింది, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేనంతగా మనది అయిపోయింది. అరబ్బులు దాన్ని హిందూదేశపు ఖర్జూరం అన్నారు, ఆ మాటే లాటిన్ పేరు అయింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగితే, 2018లో ఆసుపత్రిలో మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించినారు. ఆ ఫొటో చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. మేము మాత్రం ఆ ఫొటో కత్తిరించి రికార్డు పుస్తకంలో అంటించుకున్నాము.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మా ఊరికి వచ్చే రోడ్డు పక్కన ఒక చింత ఉన్నది. మా వాడ మొదట్లో. పోయిన ఏడాది సెలవుల్లో ఊరికి వెళ్ళేసరికి ఆ దారి పొడుగునా చెట్లకు సున్నం పట్టీ వేసి, ఎర్రరంగుతో నెంబర్లు రాసి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తారట. మా చింతకు తొమ్మిది. మా అమ్మ, మా పెద్దమ్మలు ప్రతి ఏడూ మాఘ ఫాల్గుణాల్లో ఆ చెట్టు కింద చింతకాయ కొట్టి, గింజ తీసి, కూలి తీసుకుంటారు. మా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ కూలి డబ్బే.

చెట్టు వయసు ఎంత అని మేము అవ్వను అడిగినాము. "ఏమో అబ్బీ, నేను కాపురానికొచ్చినప్పుడు గూడా ఇంతే లావుండె. ధాత కరువులో ఈ చిగురు దుంచుకొని తిని బతికినారని మా జేజి చెప్తాండె" అన్నది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. కమలాపురంలో ఆ జమైకా విత్తనాలు నాటిన కాలమే. అప్పటికే చిగురు కోసుకు తినేంత చెట్టు అంటే ఇప్పుడు తక్కువలో తక్కువ నూట డెబ్బై, ఎనభై ఏళ్ళు. ఇది శాస్త్రం ఒప్పుకునే లెక్క కాదని మాకు తెలుసు. చింతలో వలయాలు నమ్మదగినట్టు పడవు. అవ్వ చెప్పిన మాట తప్ప దానికి రికార్డు లేదు.

అందుకే మేము చేయగలిగినది చేసినాము. మంచం నులకతాడు తీసుకొని రొమ్ము ఎత్తున మాను చుట్టూ చుట్టి, ఆ తాడును స్కేలుతో కొలిచినాము. ఐదు మీటర్ల అరవై రెండు సెంటీమీటర్లు. కొమ్మల నీడ ఎంత దూరం పడుతుందో మిట్టమధ్యాహ్నం రాళ్ళు పెట్టి గుర్తించినాము. తొర్రలో గుడ్లగూబ, పైన తేనెపట్టు, ఉత్తరపు కొమ్మ చీలికలో వాండా ఆర్కిడ్ ఒకటి, బెరడు మీద నాలుగు రకాల లైకెన్లు. హో అడవిని తెర మీద చూసినప్పుడు ఇరవై రెండేళ్ళుగా కింద ఆడుకున్న చెట్టు మీద ఏమున్నదో మాకు తెలియదు. అవన్నీ వరుసగా రాసి, ధాత కరువు సంగతి కూడా రాసి, రోడ్డును ఎదురుగా ఉన్న ఖాళీ జాగా వైపు మూడు మీటర్లు జరిపితే చెట్టు మిగులుతుందని చేతితో పటం గీసి, అర్జీ పెట్టినాము. వాడలో నలభై మూడు మంది సంతకాలు, వేలిముద్రలు. అర్జీ తీసుకున్నాయన పైనుంచి కిందికి చదివి, "లైకెన్లు అంటే ఏంది?" అని అడిగినాడు. చెప్పినాము. "ఇవన్నీ ఎవరు నేర్పించినారు మీకు?" అన్నాడు. ఎమ్మెస్సీ బాటనీ అని చెప్పినాము. కాగితం మీద ముద్ర వేసి ఇచ్చి, చూస్తామన్నాడు.

ఎనిమిదో నెంబరు వేప, పదకొండో నెంబరు రావి కొట్టేసినారు. అవి మా అర్జీలో లేవు. ముందే రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. ఎనిమిది పోయిన చోట మొద్దు ఉంటే వెళ్ళి చూసినాము, వలయాలు లెక్కపెట్టడానికి ప్రయత్నించినాము, రంపపు గీతలు తప్ప ఏమీ తెలియలేదు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి తొమ్మిదో నెంబరు నిలబడి ఉన్నది. రంగు వానకు కొంచెం వెలిసింది. ఈ ఏడు కాయ బాగా దిగిందని, గింజ తీయడానికి మనుషులు చాలడం లేదని నిన్న అమ్మ ఫోనులో చెప్పింది.